మొగులు కాలి మీద కోత

దున్న కాలి కట్టు విప్పిన పశువుల డాక్టర్ స్వరూపరాణి చేతులు ఉన్నచోటే ఆగిపోయాయి: మొగులు కాలి మీద తను వేసిన కుట్లు ఊడిపోలేదు, వాటిని ఎవరో బ్లేడుతో కోశారు.

ఆమె తల ఎత్తలేదు. ఎత్తితే ముఖంలో తెలిసిపోతుంది. ఇంకాస్త వంగి, సెల్‌ఫోన్ లైటు గాయం దగ్గరికి తెచ్చి మళ్ళీ చూసింది. కుట్టు తనంతట తాను తెగితే కండను చీల్చుకుంటూ పోతుంది, అంచులు పీలికలవుతాయి. ఇక్కడ అంచులు కత్తెరతో కత్తిరించిన కొత్త బట్టలా ఉన్నాయి. నీలం దారం ముక్కలు రెండు పక్కలా మిగిలే ఉన్నాయి. వాటి కొసలు సమంగా తెగి ఉన్నాయి.

పోయినసారి వచ్చినప్పుడూ గాయం ఇలాగే విచ్చుకుని ఉంది. దున్న విదిలించుకుందేమో, తన ముడి వదులైందేమో అని అప్పుడు తనను తానే తిట్టుకుని మళ్ళీ కుట్టి వెళ్ళింది. ఇప్పుడు ఆ తిట్లు వెనక్కి తీసుకుంది.

"ఏంది డాక్టరమ్మా, సప్పుడే లేదు?" వెనక నుంచి దున్న యజమాని అంతయ్య అడిగాడు.

"తాడు వదలకు బాలరాజ్," అంది ఆమె, తాడు పట్టుకున్న పనివాడితో.

బాలరాజ్ దున్న కాలికి వేసిన తాడును గుంజకు చుట్టి, ఒంటి బరువంతా దాని మీద వేసి నిలబడ్డాడు. మొగులు వెనక కాలు ముట్టుకోవడమంటే మాటలు కాదు. తాడు వదులైతే చాలు, కొట్టం రేకులు అదిరేలా తన్నుతుంది. మొదటి రోజు స్వరూపరాణి మందుల పెట్టె ఆ తన్నుకే ఎగిరి గోడకు తగిలింది. ఇప్పటికీ దాని మూత సరిగ్గా పడదు.

దిల్‌సుఖ్‌నగర్ వెనక గల్లీలో, ఒక పక్క ఆడపిల్లల హాస్టల్, ఇంకో పక్క కోచింగ్ సెంటర్, మధ్యలో ఇరుక్కున్న గేదెల కొట్టం అంతయ్యది. పాలిచ్చే గేదెలన్నీ ఒక వరసలో ఉంటే, మొగులు ఒక్కటీ ఇంకో పక్క రాజాలా ఉంటుంది. పేరుకు తగ్గట్టే వానాకాలం మబ్బు రంగు, నూనె పెట్టి రుద్దిన ఒళ్ళు, మెలి తిరిగిన కొమ్ములు. కొట్టానికి కొత్త రేకులు దించుతుండగా ఒకటి జారి దాని వెనక కాలి మడమ పైన దిగింది. తోలు తెగింది. తోలు కింద, పిక్క కండను మడమ ఎముకకు కట్టి పట్టే మోకులాంటి టెండన్ సగం దాకా తెగింది. ఆ రోజు స్వరూపరాణి లోపల టెండన్‌నీ, పైన తోలునీ వేరువేరుగా కుట్టింది.

అలా కుట్టాక అంతయ్యను పక్కకు పిలిచి చెప్పింది కూడా. "తోలు తొందరగా మానుతుంది. దాన్ని చూసి మోసపోకండి. లోపలి టెండన్‌కి రక్తం అందేదే తక్కువ. అక్కడ కొత్త పోగులు ముందు చిక్కుపడ్డ దారంలా అడ్డదిడ్డంగా పుడతాయి. అవి ఒక వరసకొచ్చి బలపడేసరికి ఎండాకాలం వస్తుంది. అప్పటిదాకా దీన్ని వెనక కాళ్ళ మీద లేపకూడదు. లేపితే తెగుతుంది. ఇంత బరువున్న జంతువుకు ఆ కాలు పోతే, ప్రాణం పోయినట్టే."

అంతయ్య తలూపాడు. "లేపనమ్మా. ఊరికే నడిపిస్తం," అన్నాడు.

దీపావళి దగ్గర పడింది. పండుగ వెళ్ళాక సదర్. యాదవుల దున్నలన్నీ పూలదండలు, గవ్వల పట్టీలు వేసుకుని డప్పుల మధ్య రోడ్ల మీదికొస్తాయి. ముందు నడిచే దున్న వెనక కాళ్ళ మీద లేచి జనానికి దండం పెడితేనే ఈ బస్తీ ఊరేగింపు కదులుతుంది. ఈ ఏడు ముందు నడిచేది మొగులేనని కొమ్ముకు ఎర్ర కంకణం కట్టి వెళ్ళారు పెద్దమనుషులు.

స్వరూపరాణి లేచి నిలబడింది. దాచి లాభం లేదనుకుంది.

"అంతయ్యగారూ, ఈ కుట్లు ఎవరో కోశారు."

అంతయ్య గొంతు లేచింది.

"కోసిన్రా? ఎవడు? గా బాలాపూర్ జగన్‌గాడే! వాని దున్నకు కంకణం కట్టలేదని కడుపుల మంట పెట్టుకున్నడు. ఇయ్యాల వాని ఇంటి మీదికి పోతా. మా తమ్ముళ్ళను పిలువే!"

పాల క్యాన్లు కడుగుతున్న అతని భార్య అండాలమ్మ కదలలేదు. "ఆగు జర. జగన్ ఎట్ల వచ్చిండు? గోడ దుంకిండా? ఆయన పొట్టకు మన గేటే సాలదు."

"నువ్వు నోరు ముయ్యి."

"అంతయ్యగారూ, ఒక్క నిమిషం," అంది స్వరూపరాణి. "ఎవరి ఇంటి మీదికీ వెళ్ళకండి. ముందు ఈ గాయం ఎప్పటిదో తేలనివ్వండి."

ఆమె మళ్ళీ వంగింది. తెగిన తోలు అంచును చేతి తొడుగుతో మెల్లగా తాకింది. మొగులు తాడును గుంజింది. బాలరాజ్ పళ్ళు బిగించాడు.

"ఇది రాత్రి జరిగింది కాదు. రాత్రి కోసి ఉంటే ఈపాటికి అంచులు ఉబ్బేవి. శరీరం తన తెల్లకణాలను పంపి శుభ్రం చేసుకోవడం మొదలుపెట్టేది, పైన పసుపుపచ్చటి పొర కనిపించేది. ఇక్కడ నెత్తుటి గడ్డ ఇంకా జున్నులా వణుకుతోంది. ఈ పొద్దున్నే కోశారు. పాలు పితికేటప్పుడు మీరంతా ఇక్కడే ఉంటారు కాబట్టి, అది అయ్యాకే."

అండాలమ్మ క్యాను కింద పెట్టింది. "పొద్దుగాలనా? పొద్దుగాల గేటు కాడ నేనే కూసున్న. హాస్టల్ పిల్లలు పాలకు లైన్ కట్టిన్రు. బయటోడు ఒక్కడు సుత లోపటికి రాలే."

ఆ మాట అన్నాక గాని దానర్థం ఆమెకే తట్టలేదు. చేత్తో నోరు మూసుకుంది. బయటివాడు కాకపోతే లోపలివాడే.

అంతయ్య చూపు మెల్లగా తాడు పట్టుకున్న మనిషి మీదికి మళ్ళింది.

బాలరాజ్‌ది నల్గొండ పక్క పల్లె. పెళ్ళాంబిడ్డలు ఊళ్ళో ఉంటారు. ఇక్కడ కొట్టం పక్కనే చిన్న గదిలో ఉండి గేదెలను చూసుకుంటాడు.

"ఎంతిచ్చిండురా జగన్?"

"అన్నా, ఏం మాట్లాడుతున్నవ్?"

"నా ఇంట్ల అన్నం తిని నా దున్న కాలు కోస్తవా?"

చెంప మీద దెబ్బ పడ్డప్పుడు కూడా బాలరాజ్ తాడు వదల్లేదు. డాక్టరమ్మ చేతులు ఇంకా దున్న కాలి పక్కనే ఉన్నాయి. స్వరూపరాణి ఆ సంగతి గమనించింది.

"కొట్టకండి! ముందు నన్ను పని చేయనివ్వండి," అని గట్టిగా అరిచింది.

మత్తు ఇంజెక్షన్ ఇచ్చి గాయం కడిగింది. లోపల దానిమ్మ గింజల్లా ఎర్రగా, తేమగా మెరుస్తూ కొత్త కండ పుట్టుకొస్తోంది. ఎవరు ఎన్నిసార్లు పాడుచేసినా ఆ శరీరం మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడుతూనే ఉంది. దాని కింద టెండన్ కుట్టు చెక్కుచెదరలేదు. కోత తోలు వరకే వెళ్ళి ఆగింది. అంచులు శుభ్రంగా ఉన్నాయి కాబట్టి మళ్ళీ కుట్టగలిగింది. కానీ మడమ కాస్త వేడిగా తగులుతోంది. థర్మామీటరు కూడా ఉండాల్సినదానికంటే ఎక్కువే చూపించింది.

"అందరూ వినండి," అంది చేతి తొడుగులు తీస్తూ. "చీము మొదలవుతోందేమోనని అనుమానంగా ఉంది. మందులు వేశాను. ఇంకొక్కసారి ఈ తోలు తెరుచుకుంటే అది టెండన్ తొడుగులోకి దిగుతుంది. అప్పుడు నేను చేయగలిగేది ఏమీ ఉండదు. మూడు కాళ్ళ మీద ఈ బరువు నిలవదు. కూలబడుతుంది. కూలబడితే లేవదు."

అంతయ్య కళ్ళు తుడుచుకున్నాడు. తరవాత గదిలోకి వెళ్ళి బాలరాజ్ బ్యాగు తెచ్చి గేటు బయటికి విసిరాడు.

*

ఎల్బీనగర్‌లోని తన క్లినిక్‌కు స్కూటీ మీద వెళుతున్నంతసేపూ స్వరూపరాణికి ఆ గాయమే కళ్ళముందు ఉంది. పుట్టింది తెనాలిలో అయినా పదిహేనేళ్ళుగా ఈ రోడ్ల మీదే తిరుగుతోంది. కుక్కల్ని తన్నినవాళ్ళను, పిల్లుల మీద వేడినీళ్ళు పోసినవాళ్ళను చూసింది. పగతో చేసిన గాయం ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. పగబట్టిన చెయ్యి లోతుకు పోతుంది. ఈ చెయ్యి తోలు దగ్గర ఆగింది. అంతేకాదు, కట్టు విప్పినప్పుడు అయోడిన్ వాసన గుప్పుమంది. కోసినవాడు తను ఇచ్చిన మందుతోనే కడిగి, తను నేర్పినట్టే మళ్ళీ కట్టు కట్టాడు.

పాడు చేయాలనుకున్నవాడు కడుగుతాడా?

ఎల్బీనగర్ చౌరస్తా దాటాక, నల్గొండ బస్సులు ఆగేచోట బాలరాజ్ కనిపించాడు. బ్యాగు కాళ్ళ మధ్య పెట్టుకుని ఫుట్‌పాత్ అంచున కూర్చున్నాడు. చెంప కమిలింది. ఆమె స్కూటీ పక్కకు ఆపింది.

"బాలరాజ్, నువ్వే కోసివుంటే నాకు చెప్పు. పోలీసుల దగ్గరికి పోను. ఏ బ్లేడో, పాతదో కొత్తదో తెలిస్తే దాన్నిబట్టి మందు మారుస్తాను. నాకు ఆ కాలు కావాలి, అంతే."

అతను లేచి నిలబడ్డాడు. కోపం తెచ్చుకోలేదు. "ఒక్క మాట అడుగుత మేడం. నేను కోస్తుంటే తాడు ఎవరు పట్టిన్రు?"

విజయవాడ పోయే బస్సు హారన్ కొడుతూ వాళ్ళ పక్కనుంచే వెళ్ళింది.

నిజమే. తాడు పట్టుకోవడానికి ఒకరు, కాలు పట్టుకోవడానికి ఒకరు. తను వెళ్ళినప్పుడల్లా బాలరాజ్ తాడు పట్టాడు కాబట్టే తన ఎముకలు విరక్కుండా ఉన్నాయి. ఈ ప్రశ్న తనకు పొద్దున్నే తట్టి ఉండాల్సింది.

"మధ్యలో కట్టు మార్చేటప్పుడు ఎవరు చేస్తారు?"

"అన్న మారుస్తడు. నేను తాడు పడ్త."

"ఈ పొద్దున?"

"పాలు పిండంగనే నేను క్యాన్లు ఏసుకుని టీ హోటళ్ళకు పోయిన. వదినె గేటు కాడుండె. వాపస్ వచ్చేసరికి కట్టు కొత్తగుంది. అన్న మార్చిండేమో అనుకున్న..." అన్నాడు. అని, నాలుక కరుచుకున్నట్టు ఆగిపోయాడు.

"తాడు లేకుండానే మార్చాడా?"

బాలరాజ్ బ్యాగు భుజానికి తగిలించుకున్నాడు. "ఇగ నన్నేం అడగకుండ్రి మేడం. నాకేం తెల్వదు. నేనొచ్చింది మొన్నమొన్న. మొగులు పుట్టినప్పటి సంది అన్న ఎట్ల సాకిండో నాకేమెరుక?"

"నిన్ను దొంగను చేసి పంపించినవాళ్ళను కాపాడుతున్నావా?"

"నన్ను కొట్టిండు, నిజమే. మా అమ్మకు ఆపరేషన్ అయినప్పుడు దవాఖానల నాతోని సమానంగ కూసున్నది సుత ఆయనే. రెండూ ఆయనే. నేనేం జెయ్యాలె?"

"బస్సెక్కకు. నా క్లినిక్‌లో కూర్చో. సాయంత్రం దాకా," అంది ఆమె. అతను కాసేపు బస్సుల వైపు చూసి, తలొంచుకుని ఆమె స్కూటీ వెనక ఎక్కాడు.

మధ్యాహ్నం ఒక కుక్కకు కట్టు కడుతుండగా అండాలమ్మ ఫోన్ చేసింది.

"డాక్టరమ్మా, మొగులు కుడితి ముట్టలే. ఒళ్ళు కాలుతుంది. పెద్దమనుషులు సుత వచ్చి కూసున్నరు. మీరు జర జల్ది రాండ్రి. గీయన కట్టు దగ్గరనే తిరుగుతున్నడు, నాకు భయమైతుంది."

"కట్టు దగ్గర ఎవరినీ ఉండనివ్వకండి. ఎవరినీ! మీ ఆయనను కూడా," అంది స్వరూపరాణి. అప్పటికే స్కూటీ తాళం చేతిలో ఉంది.

*

కొత్తపేట దగ్గర ట్రాఫిక్ కదలడం లేదు. పూలబండ్లు, పటాకుల దుకాణాలు రోడ్డు సగం ఆక్రమించాయి. ఆమె ఫుట్‌పాత్ ఎక్కించి, తిట్లు తింటూ గల్లీలు పట్టుకుని దిల్‌సుఖ్‌నగర్ చేరింది.

కొట్టం ముందు కుర్చీలేసుకుని పెద్దమనుషులు చాయ్ తాగుతున్నారు. వాళ్ళ మధ్య తెల్ల పంచె, భుజం మీద తువ్వాలతో కూర్చున్నది కనకరాజు. ఈ బస్తీలో సదర్ ఆయన మాట మీదే నడుస్తుంది. అంతయ్య ఆయన పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. చెమటలు కారుతున్నాయి.

స్వరూపరాణి ఎవరినీ పలకరించకుండా నేరుగా లోపలికి వెళ్ళింది. ముందు కట్టు చూసింది. పొద్దున తను వేసిన ముడి అలాగే ఉంది. జ్వరం మాత్రం పెరిగింది. మెడ దగ్గర సూది గుచ్చి మందు ఎక్కించింది. దున్న ఆ కాలి మీద బరువు మోపడం లేదు. డెక్క మొన మాత్రం నేలకు ఆనించి, తల వాల్చి నిలబడి ఉంది.

బయటికి రాగానే కనకరాజు నవ్వుతూ అన్నాడు. "రా బిడ్డా, కూసో. మా మొగులు పండుగకు లేస్తడు గదా? మంచిగ దండం పెడ్తడు గదా?"

"లేవడమా? ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్పుడేంది? నువ్వే చెప్పినవట. తోలు కూడుకుంటే లేస్తడని, పరేషాన్ కావద్దని. అంతయ్యనే చెప్పె."

ఆమె అంతయ్య వైపు చూసింది. అతను చాయ్ గ్లాసుల వైపు చూస్తున్నాడు.

"తోలు కూడుకోకపోతే ఏం చేస్తారు?" అని నెమ్మదిగా అడిగింది కనకరాజును.

"పచ్చిపుండు ఉన్న పశువును ఊరేగించద్దు. మా తాతల కాడికెళ్లి గదే కట్టుబాటు. నెత్తురు కనవడితే మేమే కంకణం విప్పుతం, ఎవ్వడు తప్పు పట్టడు. తోలు మూసుకున్నదంటె మాత్రం ఇగ సాకుల్లేవ్. కంకణం కట్టించుకుని ఎనకకు పోయినోడు మళ్ళ సదర్‌ల నిలవడడు. అంతయ్య నాయిన దున్న ముప్పై ఏండ్లు ముంగట నడిచింది. వాళ్ళ ఇజ్జత్ ఎట్లాంటిదో నీకేం తెలుసు."

స్వరూపరాణికి ఒక్కసారిగా అంతా అర్థమైంది. అర్థమవడం వేరు, రుజువు చేయడం వేరు. ఇప్పుడు తను నోరు జారితే, అతను కాదంటే, ఇంకో పొద్దున ఇంకో బ్లేడు పడుతుంది. అంతకు తట్టుకునే శక్తి ఇక ఆ కాలికి లేదు.

"పెద్దాయనా, కట్టు మార్చాలి. మీరంతా వచ్చి చూడండి," అంది.

కట్టు మార్చాల్సిన అవసరం లేదు. ఆ సంగతి తనకొక్కదానికే తెలుసు.

అందరూ కొట్టంలోకి వచ్చారు. "బాలరాజ్ లేడు. కాలు ఎవరు పట్టుకుంటారు?" అని అడిగింది.

కనకరాజు వెంట వచ్చిన ఒక బలమైన మనిషి తువ్వాల నడుముకు చుట్టుకున్నాడు. "గింతదానికి అంత ముచ్చటెందుకు? నేను పడ్త," అంటూ వెనక్కి వెళ్ళి చెయ్యి వేశాడో లేదో, కుంటి కాలు గాల్లోకి లేచింది. గుంజ పటపటలాడింది. ఆ మనిషి వెనక్కి పడి గడ్డిమోపు మీద కూలబడ్డాడు. మొగులు బుసకొడుతూ మళ్ళీ కాలు ఎత్తింది. కాలి మీద కట్టు బిగుసుకోవడం స్వరూపరాణికి కనిపించింది. ఇంకో తన్ను పడితే కుట్లు పోతాయి. తను మరీ సాహసం చేసిందేమో!

"అరె, కుట్లు తెగుతయ్! జరగుండ్రి!"

అంతయ్య అందరినీ తోసుకుని ముందుకొచ్చాడు. "ఓ నాయినా... ఓ మొగులూ... నేనే, నేనే," అంటూ దాని నడుము మీద చెయ్యి ఆనించి, కిందికి జరుపుకుంటూ పోయి, మోకాళ్ళ మీద కూర్చుని ఆ కాలిని ఒళ్ళోకి తీసుకున్నాడు. దున్న బుసకొట్టడం ఆపింది. చెవులు వాల్చింది. బరువంతా ఆ మనిషి మీద వదిలేసినట్టు నిలబడిపోయింది.

తాడు గుంజకే వేలాడుతోంది. దాన్ని ఎవరూ పట్టుకోలేదు.

అండాలమ్మ గుంజకు ఆనుకుని నిలబడిపోయింది.

స్వరూపరాణి అతని పక్కనే కూర్చుంది. గొంతు తగ్గించింది గానీ అందరికీ వినబడేలాగే అడిగింది.

"అంతయ్యగారూ, మీరున్నప్పుడు కూడా బాలరాజ్ తాడెందుకు పట్టేవాడు?"

"అందరి ముంగట కట్టెయ్యాలె గదా... రివాజు..."

"ఈ పొద్దున కోసినవాడికి తాడు ఎవరు పట్టారు?"

అంతయ్య చూపు గుంజకు వేలాడుతున్న తాడు మీద పడింది.

"బాలరాజ్ మీద కేసు పెడదామా? నేను సంతకం పెడతాను. ఎల్బీనగర్‌లో నా క్లినిక్‌లోనే కూర్చున్నాడు. మీ మీద ఒక్క నింద కూడా వేయలేదు."

అంతయ్య చేతులు మొగులు కాలి చుట్టూ బిగుసుకున్నాయి. తల కాలికి ఆనించాడు. మాట మొదలుపెట్టాక ఇక ఆగలేదు.

"నేనే కోసిన కనకరాజన్నా. రెండు మాట్లు నేనే కోసిన. జగన్ గాదు, బాలరాజ్ గాదు. డాక్టరమ్మ ముందే చెప్పింది, లోపటిది ఎండాకాలం దాకా అతకదని, లేపితే తెగుతదని. నాకెరుకే. గాని నువ్వు కంకణం కట్టెటప్పుడు మా నాయిన పేరు తీసినవ్. గప్పుడు నా నోరు లేవలే. లేస్తడన్న. డాక్టరమ్మ చెప్పిందని అబద్ధమాడిన. తోలేమో రోజురోజుకు కూడుకుంట వచ్చె. పుండు మానాలని అందరు మొక్కుతరు. నేను తెల్లారంగ కట్టు ఇప్పి సూసి, మానుతున్నదని ఏడ్చిన. మీరు మీది తోలే సూస్తరు గదా? అది పచ్చిగుంటే మీరే కంకణం విప్పుతరు. నా మాట పోదు, వీని కాలు పోదు అనుకున్న. కొత్త బ్లేడు తెచ్చి స్పిరిట్‌ల ముంచిన. మీదమీదనే కోసిన, లోపట ముట్టలే. మందుతోని కడిగిన, మళ్ళ కట్టిన. జ్వరమొస్తదని నాకు తెల్వదమ్మా, ఒట్టు. బాలరాజ్‌ను కొట్టెటప్పుడు సుత అనుకున్న, ఇగ చెప్పేద్దామని. చెప్పలే. మీరంతా నన్ను కొట్టుండ్రి, పడ్త. ఒక్కటి మాత్రం నాకు కంటిమీద కునుకు రానిస్తలేదు. నేను కోస్తున్నప్పుడు వీడు కాలు గుంజుకోలే. నెత్తురు నా చేతి మీద కారుతుంటే తల తిప్పి నా భుజం నాకిండు. నేను మందేస్తున్న అనుకున్నడన్నా."